క్రాస్ కొలిచారా?

స్థలం చూడ్డానికి వెళ్లినవాళ్లు టేపు పట్టుకుని నాలుగు పక్కలా తిరిగి వస్తారు. తూర్పున రోడ్డు వైపు 60 అడుగులు, ఉత్తరం పక్క 52, వెనక పడమర 25, దక్షిణం 39. అంకెలు కాగితం మీద పడగానే ఏజెంటు ఫోను తీస్తాడు. ముందు వెనకలు కలిపి సగం చేస్తే నలభై రెండున్నర. పక్కలు రెండూ కలిపి సగం చేస్తే నలభై అయిదున్నర. గుణిస్తే 1933 చదరపు అడుగుల పైచిలుకు. తొమ్మిదితో భాగిస్తే 215 గజాలకు పిసరంత తక్కువ. "మీకు కాబట్టి రౌండుగా 215 వేసుకుందాం సార్" అంటాడు. ముందు వెడల్పు, వెనక సన్నం కాబట్టి ఇది సింహముఖం స్థలం. ఇల్లు కట్టుకునేవాళ్లు వద్దంటారు, షాపు పెట్టుకునేవాళ్లు కావాలంటారు. వాస్తు మీద గంటసేపు బేరం నడుస్తుంది. గజాల లెక్క మాత్రం అరనిమిషంలో అయిపోతుంది.

ఆ నాలుగు కొలతలతో 215 గజాల స్థలం ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. ఎంత లాగినా 196 గజాలు దాటదు. అంతకంటే బాగా తగ్గొచ్చు కూడా. అవే 60, 52, 25, 39 అడుగులతో 166 గజాల స్థలం కూడా ఉంటుంది. గజం ఇరవై వేలు అనుకుంటే 215కీ 196కీ మధ్య మూడు లక్షల డెబ్బై అయిదు వేల పైన తేడా. 196కీ 166కీ మధ్య ఆరు లక్షలు. మీరు కొనేది వీటిలో ఏ స్థలమో నాలుగు పక్కలు కొలిస్తే తెలియదు. అయిదో కొలత కావాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు లాగాలి. మేస్త్రీలు దాన్ని క్రాస్ అంటారు, లెక్కల పుస్తకం కర్ణం అంటుంది.

కాళ్లు వదులైన నులక మంచాన్ని ఒక మూల పట్టుకుని తోయండి. పట్టెలూ కోళ్లూ పొడవు మారవు, మంచం మాత్రం ఒక పక్కకి ఒరిగిపోతుంది. నాలుగు భుజాలున్న ఆకారం ఏదైనా అంతే. భుజాలు అలాగే ఉంటాయి, మూలలు తెరుచుకుంటాయి లేదా ముడుచుకుంటాయి, లోపలి వైశాల్యం మారిపోతుంది. త్రిభుజానికి ఈ బలహీనత లేదు. మూడు భుజాల పొడవులు చెబితే ఆకారం ఒక్కటే. వడ్రంగి తలుపు వెనక ఏటవాలుగా ఒక చెక్క కొట్టడానికీ, ఇనప గేటుకి అడ్డంగా పట్టీ వెల్డింగ్ చేయడానికీ కారణం ఇదే. ఆ ఒక్క పట్టీ చతుర్భుజాన్ని రెండు త్రిభుజాలుగా కట్టేస్తుంది.

బడిలో మనం చూసిన బొమ్మలు మనల్ని కొంత పాడుచేశాయనే నా అభిప్రాయం. అక్కడ పంచభుజి అంటే అయిదు సమాన భుజాలు, షడ్భుజి అంటే తేనెపట్టు గది. అవి క్రమ బహుభుజులు. వాటికి ఒక్క భుజం కొలిస్తే చాలు, మిగతాదంతా అందులోంచే వస్తుంది. కోణాలు కొలవక్కర్లేదు, కర్ణాలు కొలవక్కర్లేదు. ఆ సుఖానికి అలవాటు పడ్డ చేత్తోనే మనం పొలం గట్టునీ, లేఅవుట్‌లో చివర మిగిలిన ఆడ్ బిట్‌నీ కొలుస్తాం. అవి అక్రమ బహుభుజులు. వాటిలో ఒక భుజం ఇంకో భుజం గురించి ఏమీ చెప్పదు.

క్రమ బహుభుజికి రెండు షరతులున్నాయన్న సంగతి కూడా మరిచిపోతుంటాం. భుజాలన్నీ సమానం కావాలి, కోణాలన్నీ కూడా సమానం కావాలి. దీర్ఘచతురస్రంలో కోణాలు సమానమే కానీ భుజాలు కావు. సమచతుర్భుజంలో భుజాలు సమానమే, కోణాలు కావు. "నాలుగు పక్కలా ముప్పయ్యే, పక్కా చదరం" అని ఎవరైనా అంటే ఆ స్థలం 100 గజాలని నమ్మకండి. ముప్పై అడుగుల భుజాలతోనే ఒరిగిన చతుర్భుజం 90 గజాలకు రావచ్చు, 80కీ రావచ్చు. క్రాస్ 42 అడుగుల 5 అంగుళాలు వస్తేనే అది చతురస్రం.

ఇప్పుడు మన స్థలం లెక్క చేద్దాం. ఆగ్నేయం మూల నుంచి వాయవ్యం మూలకు టేపు లాగితే 56 అడుగులు వచ్చిందనుకుందాం. స్థలం రెండు త్రిభుజాలయింది. మొదటిదాని భుజాలు 60, 52, 56. మూడూ కలిపితే 168, అందులో సగం 84. ఆ 84లోంచి ఒక్కో భుజాన్ని తీసేస్తే 24, 32, 28 మిగులుతాయి. ఫోన్ కాలిక్యులేటర్లో 84ని 24తో, 32తో, 28తో వరసగా గుణించి, వచ్చిన 18,06,336కి వర్గమూలం నొక్కండి. 1344 వస్తుంది. రెండో త్రిభుజం భుజాలు 25, 39, 56. మొత్తం 120, సగం 60. మిగులు 35, 21, 4. అన్నీ గుణిస్తే 1,76,400, వర్గమూలం 420. రెండూ కలిపితే 1764 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 196 గజాలు. హెరాన్ సూత్రం అని తొమ్మిదో తరగతిలో చదివినది ఇదే. పరీక్ష రాసి వదిలేసినదాన్ని ఇన్నాళ్లకు లక్షల బేరంలో వాడుతున్నాం.

క్రాస్ 56 కాకుండా 40 వచ్చిందనుకోండి. భుజాలు అవే, సూత్రం అదే. మొదటి త్రిభుజం 1025, రెండోది 468, మొత్తం 1493 చదరపు అడుగులు. 166 గజాలకు పిసరు తక్కువ. స్థలంలో నిలబడితే ఈ తేడా కంటికి అంత తేలిగ్గా ఆనదు. తుప్పలు పెరిగి, హద్దురాళ్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంటే అసలే ఆనదు.

ఒక్క క్రాస్‌తో లెక్క తేలుతుంది. కానీ రెండోది కూడా కొలవమని నా సలహా. ఈశాన్యం నుంచి నైరుతికి లాగి, ఆ కొలతతో లెక్క మళ్లీ చేయండి. మొదటి క్రాస్ 56 అయితే రెండోది 63 రావాలి. 60, 39, 63 త్రిభుజం 1134, 52, 25, 63 త్రిభుజం 630, కలిపితే మళ్లీ అదే 1764. రెండు దారుల్లో వచ్చిన జవాబులు కలవకపోతే ఎక్కడో టేపు వంకర పోయింది, లేదా ఎవరో 52ని 25గా రాశారు. బట్ట టేపు సాగుతుంది, దాన్ని దుకాణంలోనే వదిలేసి స్టీలుదో ఫైబర్‌దో తెచ్చుకోండి. మధ్యలో ఇద్దరు ఎత్తి పట్టుకోకపోతే ఏ టేపైనా కిందికి వేలాడుతుంది, వేలాడిన టేపు కొలత ఎక్కువ చూపిస్తుంది. ఫోన్లో స్థలం చుట్టూ నడిస్తే వైశాల్యం చెప్పే యాప్‌లు పది ఎకరాల తోటకు పనికొస్తాయేమో. రెండొందల గజాల దగ్గర, మూల చూపించడంలోనే కొన్ని మీటర్ల తేడా వచ్చే పరికరాన్ని నమ్ముకోకూడదు.

60, 52, 25, 39 అన్నవి నేను కల్పించిన అంకెలు కావు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇవే భుజాలున్న చతుర్భుజం ఉంది. పూర్వులు దాని కర్ణాలు 56, 63 అని తీర్మానించారని చెబుతూనే, అవే భుజాలతో వేరే కర్ణాలు కూడా సాధ్యమేనని ఆయన లెక్క కట్టి చూపిస్తాడు. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజానికి వైశాల్యం చెప్పమనేవాణ్ణీ, అడిగితే చెప్పేవాణ్ణీ కూడా ఆయన పిశాచం కింద జమకట్టాడు. అంత పెద్ద పండితుడికి అంత కోపం ఎందుకొచ్చిందో మన ఏజెంట్లను చూస్తే అర్థమవుతుంది.

ఏజెంటు లెక్క వయసు ఇంకా ఎక్కువ. ఈజిప్టులో ఎడ్ఫు దేవాలయం గోడల మీద చెక్కిన భూముల వివరాల్లో ఈ సగటు పద్ధతే ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని స్థూలమైన లెక్కగా చెప్పి, పక్కనే సూక్ష్మమైన లెక్క ఇచ్చాడు. నాలుగు భుజాల మొత్తంలో సగంలోంచి ఒక్కో భుజాన్ని తీసేసి, మిగిలిన నాలుగింటినీ గుణించి వర్గమూలం కట్టమన్నాడు. మన స్థలానికి ఆ సగం 88, మిగులు 28, 36, 63, 49, జవాబు 1764. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికే ఇది సరిపోతుంది. అయితే ఇచ్చిన నాలుగు భుజాలతో చుట్టగలిగిన అత్యధిక వైశాల్యం కూడా అదే. అందుకే 196 దాటదని మొదట్లో అంత ధీమాగా చెప్పాను. క్రాస్ కొలిచే వీలు లేనప్పుడు, తాళం వేసిన గేటు బయట నిలబడి ఫోన్లో బేరమాడాల్సి వచ్చినప్పుడు ఈ సూత్రం పనికొస్తుంది. అసలు వైశాల్యం ఎంతో చెప్పదు గానీ, ఎంతకు మించదో చెబుతుంది.

తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు కూడా తన గణితసారసంగ్రహంలో వ్యవహారానికి పనికొచ్చే లెక్క వేరు, సూక్ష్మమైన లెక్క వేరు అని విడదీశాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఈ రెండు లెక్కల తేడా తెలుగువాళ్లకు కొత్త కాదు. మన దగ్గర వ్యవహారమే నిలబడింది, సూక్ష్మం పద్యాల్లో ఉండిపోయింది.

సగటు పద్ధతి ఎందుకు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందంటే, అది నాలుగు మూలలూ మూలమట్టానికి సరిపోతాయని ఊహించుకుంటుంది. ఏ మూల లంబకోణానికి అటో ఇటో తప్పినా అక్కడ వైశాల్యం తగ్గుతుందే తప్ప పెరగదు. అమ్మేవాడికి ఈ పొరపాటు ఎప్పుడూ లాభమే, అందుకే బతికి బట్టకట్టిందేమో. కొనేవాళ్లు ఒప్పుకోదగ్గ సందర్భం ఒకటుంది. ముందు, వెనక హద్దులు సమాంతరంగా ఉన్న సమలంబ చతుర్భుజానికి రెండింటినీ కలిపి సగం చేయడం తప్పు కాదు. అయితే దాన్ని గుణించాల్సింది పక్క హద్దు పొడవుతో కాదు, ముందు నుంచి వెనక్కి నిట్టనిలువుగా ఉండే దూరంతో. పక్క హద్దు ఒరిగి ఉంటే ఆ దూరం కంటే ఎప్పుడూ పొడవే.

అయిదు మూలలుంటే రెండు కర్ణాలు, ఆరు మూలలుంటే మూడు. భుజాల సంఖ్యలోంచి మూడు తీసేస్తే ఎన్ని కర్ణాలు కావాలో తెలుస్తుంది. అన్నీ ఒకే మూల నుంచి లాగితే తికమక ఉండదు. సర్వే వాళ్లు చేసేదీ ఇదే. ఆంధ్ర జిల్లాల్లో పాత మద్రాసు పద్ధతిలో తయారైన ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసి చూడండి. పొలాన్ని అడ్డంగా కోసే గీతలూ, వాటి మీంచి వంపు గట్ల దాకా లాగిన చిన్న చిన్న లంబాలూ కనిపిస్తాయి. తెలంగాణలో నిజాం నాటి టిప్పన్ ఆ పని చేస్తుంది. గట్టు ఎన్ని వంకర్లు తిరిగినా త్రిభుజాలు, సమలంబాలుగా కోసేస్తే లెక్కకు లొంగాల్సిందే. హద్దు రాయి జరిగిందని అనుమానముంటే మీసేవలో ఎఫ్‌లైన్ పిటిషన్ పెట్టండి. అంతకు ముందు ఆ పటం నకలు దగ్గర పెట్టుకుని ఒకసారి మీరే కొలుచుకుంటే, సర్వేయర్ వచ్చిన రోజు మీరు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

ఎల్ ఆకారపు స్థలాలతో మాత్రం జాగ్రత్త. ఒక మూల లోపలికి చొచ్చుకొచ్చిన పుటాకార బహుభుజిలో కొన్ని కర్ణాలు పక్కవాడి స్థలంలోంచి పోతాయి. వాటితో లెక్క కడితే మీది కాని నేల మీ ఖాతాలో పడుతుంది. లోపలికొచ్చిన ఆ మూల దగ్గరే నిలబడి అక్కణ్నుంచే కర్ణాలు లాగితే సాధారణంగా ఈ చిక్కు రాదు.

కొనడం అయ్యాక కట్టడం. ముగ్గు పోసే రోజు మేస్త్రి మూల పట్టడానికి ఒక తాడు మీద మూడడుగులు, ఇంకో తాడు మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, వాటి మధ్య అయిదు వచ్చేదాకా జరుపుతాడు. మంచిదే, కానీ మూడు నాలుగు అడుగుల దగ్గర వెంట్రుకవాసి తప్పు నలభై అడుగుల దగ్గర వేలెడంత అవుతుంది. చోటుంటే తొమ్మిది, పన్నెండు, పదిహేను పెట్టమనండి. ఆఖరున రెండు క్రాసులూ కొలవండి. 30, 40 అడుగుల ఇంటికి రెండూ 50 రావాలి. ఒకటి ఇంకోదాని కంటే ఆరంగుళాలు ఎక్కువ వచ్చిందంటే, అవతలి చివర గోడ నాలుగయిదు అంగుళాలు పక్కకి జరిగినట్టు. పునాది తవ్వకముందు దాన్ని సరిచేయడం పది నిమిషాల పని. గోడలు లేచాక, టైల్స్ వేసే రోజు చివరి వరసలో ముక్కలు ఒక వైపు సన్నగా, ఇంకో వైపు వెడల్పుగా కోయాల్సి వచ్చినప్పుడు బయటపడితే మిమ్మల్ని చూసి టైల్స్ మేస్త్రి నవ్వుతాడు. క్రాసులు రెండూ సమానమైనంత మాత్రాన మురిసిపోవద్దు, ఎదురెదురు గోడలు కూడా సమానమవ్వాలి. ముందు సన్నం, వెనక వెడల్పు ఉన్న గోముఖం స్థలంలో పక్కలు రెండూ ఒకేలా ఒరిగి ఉంటే అక్కడా కర్ణాలు సమానమే వస్తాయి.

క్రమ బహుభుజులు ఇంట్లో పనికొచ్చే చోట్లు కూడా ఉన్నాయి. నేల పరవడానికి ఒకే రకం క్రమ ఆకారం వాడాలంటే త్రిభుజం, చతురస్రం, షడ్భుజి, ఈ మూడే దారి. ఒక మూల చుట్టూ 360 డిగ్రీలు నిండాలి. షడ్భుజి కోణం 120, మూడు చేరితే నిండిపోతుంది. పంచభుజి కోణం 108, మూడు చేర్చినా 36 డిగ్రీల సందు మిగులుతుంది. అష్టభుజి కోణం 135, రెండు చేరాక మిగిలే 90లో చిన్న చదరం ముక్క దూరుతుంది. పాత ఇళ్ల వరండాల్లో కనిపించే ఎనిమిది పలకల బిళ్లల మధ్య నల్ల చదరాలు అందుకే వచ్చాయి. అందం తర్వాతి సంగతి.

ఇంటి ముందు ఎనిమిది పలకల మండపం కావాలని ముచ్చట పడేవాళ్లున్నారు. హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల్లో జంషీద్ కులీది అష్టభుజి. మేడ మీద మేడగా లేచిన ఆ కట్టడాన్ని చూశాక ముచ్చట పడటంలో తప్పులేదు. దీనికి కోణమానిని అక్కర్లేదు. ముందు పదడుగుల చతురస్రం ముగ్గు పోయండి, క్రాసులు సరిచూడండి. ఒక మూల నుంచి నడిమి బిందువుకు టేపు పట్టి చూస్తే ఏడడుగుల ఒక అంగుళానికి కాస్త తక్కువ వస్తుంది. టేపును అంతే పొడవుకు బిగపట్టి, ప్రతి మూల నుంచీ రెండు పక్కలా గుర్తు పెట్టండి. నాలుగు మూలలు అయ్యేసరికి ఎనిమిది గుర్తులు పడతాయి. వరసగా కలపండి, క్రమ అష్టభుజి వచ్చేసింది. ఆరు పలకలైతే ఇంకా తేలిక. మేకుకు తాడు కట్టి వృత్తం గీసి, అదే తాడు పొడవుతో వృత్తం మీద అడుగులు వేసుకుంటూ వెళితే ఆరో అడుగు మొదటి గుర్తు మీదకే వస్తుంది. ఏడు పలకలు కావాలన్న కోరిక మాత్రం మానుకోండి. స్కేలుతో, వృత్తలేఖినితో ఖచ్చితమైన సప్తభుజి గీయడం అసాధ్యమని 1837లో వాంజెల్ అనే ఫ్రెంచి గణితవేత్త నిరూపించేశాడు. మీ మేస్త్రికి కొత్తగా పరీక్ష పెట్టక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ సంగతి ఒకటి మిగిలింది. దస్తావేజు షెడ్యూల్లో నాలుగు హద్దులూ, వాటి అడుగులూ, చివర మొత్తం గజాలూ ఉంటాయి. తూర్పున రోడ్డు, ఉత్తరాన ఫలానావారి ఇల్లు అని అంతా వివరంగానే ఉంటుంది. కర్ణం మాత్రం సాధారణంగా ఉండదు. పదేళ్ల తర్వాత వెనక హద్దురాయి రెండడుగులు జరిగిందని తగాదా వస్తే, 52, 25, 39 అన్న అంకెలు ఇద్దరి వాదనకూ సరిపోయేలా స్థలాన్ని అటో ఇటో ఒరిగించి చూపించవచ్చు. కాబట్టి డ్రాఫ్టు చేతికొచ్చినప్పుడే, ఆగ్నేయం మూల నుంచి వాయవ్యం మూలకు 56 అడుగులు, ఈశాన్యం నుంచి నైరుతికి 63 అడుగులు అని ఒక్క వాక్యం చేర్పించండి. షెడ్యూల్లో అలా రాసే అలవాటు లేదని దస్తావేజు రాసేవారు అనవచ్చు. అప్పుడు జతచేసే ప్లానులో ఆ రెండు గీతలూ గీయించి, అంకెలు వేయించి, అమ్మేవారితో దాని మీద సంతకం పెట్టించుకోండి.